సబ్‌డివిజన్ చెరువు కట్టకి హెచ్‌ఓఏ స్పెషల్ అసెస్‌మెంట్: బాగుచేయించాలా, కట్ట తీసేయాలా?

లేక్‌వ్యూ_లాట్ | కమ్మింగ్, జార్జియా

అందరికీ నమస్కారం. మా సబ్‌డివిజన్ మధ్యలో సుమారు 20 ఎకరాల చెరువు ఉంది. నిజం చెప్పాలంటే ఆ చెరువు చూసే ఇల్లు కొన్నాం, లాట్‌కి అదనంగా డబ్బు కూడా కట్టాం. కట్ట మట్టిది, 24 అడుగుల ఎత్తు. 1960లలో ఇక్కడ పశువుల ఫారం ఉండేదట, దాని యజమాని కట్టించుకున్నాడు. తర్వాత బిల్డర్ భూమి కొని, చుట్టూ ఇళ్లు వేసి, చెరువునీ కట్టనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) పేరున రాసేసి తన దారిన తాను పోయాడు.

ఇప్పుడు రాష్ట్ర సేఫ్ డ్యామ్స్ ప్రోగ్రామ్ నుంచి ఉత్తరం వచ్చింది. మా కట్టని కేటగిరీ 2 నుంచి కేటగిరీ 1కి మార్చారట. ఇంజనీరుతో స్టడీ చేయించి వాళ్ల ప్రమాణాలకి తగ్గట్టు బాగుచేయించాలి, లేదంటే పద్ధతి ప్రకారం కట్ట తీసేయాలి. స్పెషల్ అసెస్‌మెంట్, అంటే సంఘం ఇంటింటికీ వేసే అదనపు వంతు, ఇంటికి 11 వేల డాలర్లు పడుతుందని బోర్డు వాళ్ల అంచనా. వాట్సాప్ గ్రూప్‌లో రోజూ గొడవే, టెన్షన్‌తో చస్తున్నాం.

కట్టలో ఏ మార్పూ లేకుండా కేటగిరీ ఎలా మారుతుంది? మా పక్కింటాయనేమో "ఈ కట్ట లేకపోతే కింది కాలనీ ఎప్పుడో మునిగేది, వాళ్లకొచ్చే వరదని మనం ఆపుతున్నాం, కాబట్టి కౌంటీయే ఖర్చు పెట్టుకోవాలి" అంటున్నాడు. అందులో నిజమెంత? పోనీ తీసేస్తే చవకలో పోతుందా?

డల్లాస్_బాబాయ్ | ఫ్రిస్కో, టెక్సాస్

11 వేలా! ముందు మంచి లాయర్‌ని పట్టుకో తమ్ముడూ. మా టెక్సాస్‌లో 2013లో చట్టం మార్చి చిన్న ప్రైవేటు కట్టల్ని చాలావాటిని వదిలేశారు. 500 ఎకరా-అడుగుల (ఎకరం మీద అడుగు లోతు నీళ్లంటే ఒక ఎకరా-అడుగు) లోపు ఉండి, జనం తక్కువున్న కౌంటీలో, సిటీ హద్దులకి బయట ఉంటే ఎవడూ అడగడు. మీ జార్జియా వాళ్లకే ఈ చాదస్తం.

నీటిలెక్క | షార్లెట్, నార్త్ కరోలినా

బాబాయ్, తెగితే ప్రాణాలు పోయే కట్టలకి ఆ మినహాయింపు కూడా లేదు. లేక్‌వ్యూ గారిది సరిగ్గా ఆ కోవలోదే. నా ఉద్యోగం డ్యామ్ సేఫ్టీ కన్సల్టింగ్‌లోనే, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను.

లేక్‌వ్యూ గారూ, ఆ కేటగిరీకి కట్ట ఎంత గట్టిగా ఉందన్నదానితో సంబంధం లేదు. తెగితే కింద ఏమవుతుందన్నదే లెక్క. జార్జియాలో ప్రాణనష్టం జరిగే అవకాశం ఉంటే కేటగిరీ 1, లేకపోతే కేటగిరీ 2. కేటగిరీ 2 కట్టలకి పర్మిట్ అక్కర్లేదు, జాబితాలో పెట్టుకుని అప్పుడప్పుడూ కిందికి వెళ్లి చూసుకుంటారు. మీ కట్ట కట్టినప్పుడు కింద గడ్డిభూమి ఉండి ఉంటుంది. ఇప్పుడక్కడ టౌన్‌హోమ్స్ లేచి ఉంటాయి. అవునా?

జార్జియా చాదస్తానికి కారణం ఉంది. 1977 నవంబర్ 6, అర్ధరాత్రి దాటాక, టొకోవా దగ్గర కెల్లీ బార్న్స్ డ్యామ్ తెగింది. ఒకప్పుడు కరెంటు కోసం వాడుకున్న చిన్న మట్టి కట్ట. 1957 తర్వాత ఆ అవసరం కూడా తీరిపోయి ఊరికే విహారానికి ఉన్న చెరువు. యజమాని దాని కిందే ఉన్న బైబిల్ కాలేజీ. నీళ్లు క్యాంపస్ మీద పడి 39 మంది పోయారు. అప్పటి అధ్యక్షుడు కార్టర్‌ది జార్జియానే. దేశంలో కేంద్ర ప్రభుత్వానివి కాని ప్రమాదకరమైన కట్టలన్నీ తనిఖీ చేయమని ఆదేశించాడు. రాష్ట్రం 1978లో సేఫ్ డ్యామ్స్ చట్టం తెచ్చింది. మీకొచ్చిన ఉత్తరానికి మూలం అదే.

ఇదేదో మీ ఒక్కరి గోడు అనుకోకండి. దేశం మొత్తం జాబితాలో 90 వేలకు పైగా డ్యాములుంటే సగానికి మించి ప్రైవేటువే, వాటిలో ఎక్కువ మట్టివే. జాబితాకెక్కని చిన్న కుంటల సంగతి వేరే.

లేక్‌వ్యూ_లాట్

అవునండీ, మూడేళ్ల క్రితం కింద టౌన్‌హోమ్స్ వచ్చాయి. వాగు పక్కనే.

పన్ను_పీడితుడు | టాంపా, ఫ్లోరిడా

అదిగో! కట్ట ముందొచ్చింది, ఇళ్లు తర్వాతొచ్చాయి. ఆ ఇళ్లకి పర్మిషన్ ఇచ్చింది కౌంటీ, ఫీజులు తీసుకుంది కౌంటీ, ఇప్పుడు ప్రాపర్టీ ట్యాక్స్ వసూలు చేసుకునేదీ కౌంటీయే. బిల్లు మాత్రం పైన చెరువు ఉన్నవాళ్ల నెత్తిన! వాళ్లెవరో వచ్చి వాగు ఒడ్డున ఇల్లు కట్టుకుంటే నేనెందుకు 11 వేలు కట్టాలి?

నీటిలెక్క

ఈ ఉక్రోషం నేను పోయే ప్రతి మీటింగ్‌లోనూ వింటాను, న్యాయంగానే ఉంటుంది. చట్టం మాత్రం వేరేలా ఉంది. నీళ్లు నిలబెట్టినవాడిదే బాధ్యత. కింద ఇల్లు కడితే మీ కట్ట గ్రేడు మారుతుందని బిల్డర్‌కి కౌంటీ చెప్పాల్సిన అవసరం చాలాచోట్ల లేదు, మీకు నోటీసు ఇవ్వాల్సిన పనీ లేదు. ఫెమా (కేంద్ర విపత్తు సంస్థ) వరద మ్యాపుల్లో వాన వరద చూపిస్తారు, కట్ట తెగితే ఎంత దూరం మునుగుతుందో చూపించరు. టౌన్‌హోమ్ కొన్నవాడికి పైన చెరువు ఉందని కూడా తెలిసి ఉండదు.

దిగువ_వీధి | కొలంబియా, సౌత్ కరోలినా

పన్ను_పీడితుడు గారూ, మీరు చెప్పే "వాళ్లెవరో" మేమే. వాగు ఒడ్డున కొన్నామా? లేదు. మా ఇల్లు ఫెమా మ్యాప్‌లో వరద గీతకి బయటే ఉంది, రియల్టర్ కూడా అదే చూపించాడు.

2015 అక్టోబర్‌లో రాష్ట్రంలో కొన్నిచోట్ల 20 అంగుళాలకు పైగా వాన పడింది. రాష్ట్ర నియంత్రణలో ఉన్న కట్టలే దాదాపు 50 తెగాయి. నియంత్రణలో లేని కుంటలు ఎన్ని పోయాయో వేరే. కొలంబియాలో గిల్స్ క్రీక్ మీద ఒకదాని కింద ఒకటి చెరువులుంటాయి. కేరీస్ లేక్, రాకీఫోర్డ్ లేక్‌లు, ఇంకా చాలా. ఎక్కువ భాగం చుట్టూ ఇళ్లున్నవాళ్ల సంఘాలవే. పైది తెగితే ఆ నీళ్లు కిందిదాని మీద పడి దాన్నీ పొర్లిస్తాయి. మాకు నీళ్లు వాగు పెరిగినట్టు మెల్లగా రాలేదు. ఒక్కసారిగా గోడలాగా వచ్చాయి. పిల్లల్ని మేడ మీదికి ఎక్కించేసరికి కింద సోఫా తేలుతోంది.

అందుకే "మేం మీకు వరద ఆపుతున్నాం" అని పై చెరువువాళ్లు అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ఆదివారం తెల్లవారే వరకూ ఆపారు. తర్వాత అన్నీ కలిపి ఒకేసారి పంపారు.

పాలమూరు_మట్టి | నాగర్‌కర్నూల్, ప్రస్తుతం న్యూజెర్సీ

అక్కా, మీ బాధ నిజమే. కానీ చెరువు వరద ఆపదు అంటే నేను ఒప్పుకోను. మా దిక్కు కాకతీయుల కాలం నుంచి గొలుసుకట్టు చెరువులే. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువుకి పోతది, అది నిండి ఇంకోదానికి. గట్టి వానొచ్చినా నీళ్లు చెరువుల్లోనే ఆగేవి, వాగు ఊళ్ల మీదికి వచ్చేది కాదు. చెరువులు పూడిపోయినంకనే, ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు నిలిచే జాగల) ప్లాట్లు చేసినంకనే గదా హైదరాబాద్ మునుగుడు ఎక్కువైంది. చెరువు లేకుంటే వరద తగ్గుతుందా?

నీటిలెక్క

పాలమూరు అన్నా, మీరన్న దాంట్లోనే జవాబుంది. మీ చెరువులు వానాకాలం మొదలయ్యేసరికి ఎలా ఉండేవి? రబీకి తూములు వదిలి, ఎండాకాలంలో పశువులు తాగి, మిగిలింది ఆవిరై, జూన్‌కి అడుగంటేవి. ఖాళీ చెరువు కాబట్టే వరద పట్టింది. అమెరికా సబ్‌డివిజన్ చెరువు 365 రోజులూ నిండా ఉంటుంది. అరడుగు తగ్గితే "డాక్ దగ్గర బురద కనిపిస్తోంది" అని హెచ్‌ఓఏకి ఈమెయిల్ వెళ్తుంది.

లేక్‌వ్యూ గారి చెరువునే లెక్కేద్దాం. వివరాలు కావాలి: మామూలు నీటిమట్టం కట్ట పైభాగానికి ఎన్ని అడుగులు కింద? ఎమర్జెన్సీ స్పిల్‌వే ఎంత ఎత్తులో ఉంది? పైన వాగుకి నీళ్లొచ్చే పరీవాహకం ఎంత?

లేక్‌వ్యూ_లాట్

పాత రిపోర్టు ఒకటి దొరికింది. నీటిమట్టం కట్ట పైభాగానికి 4 అడుగులు కింద. నీళ్లు నిలువు పైపులోకి పడి, కట్ట అడుగున ఉన్న పైపు గుండా బయటికి పోతాయి. ఎమర్జెన్సీ స్పిల్‌వే ఆ నీటిమట్టానికి 2 అడుగుల పైన అని రాసుంది కానీ అది ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. కట్టకి ఎడమ చివర పచ్చిక పల్లం ఒకటి ఉంది, అంతే. అక్కడ పిల్లలకి ఊయలలూ, వాలీబాల్ నెట్టూ పెట్టాం, చుట్టూ ఫెన్సింగ్ వేయించాం. పరీవాహకం సుమారు ఒక చదరపు మైలు.

రిటైర్డ్_ఈఈ | కడప. ఆల్ఫరెట్టాలో అబ్బాయి దగ్గర

ఊయలలు పెట్టింది అలుగులోనయ్యా! ఆ పచ్చిక పల్లమే మీ ఎమర్జెన్సీ స్పిల్‌వే. ఫెన్సింగ్ ముందు పీకించండి. వాన రోజున కొట్టుకొచ్చిన కొమ్మలూ ఆకులూ ఆ జాలీకి అడ్డంపడితే అలుగు మూసుకుపోయినట్టే, నీళ్లు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టి కట్ట మీదుగా నీళ్లు పొర్లాయంటే గండి పడటానికి గంటలు అక్కర్లేదు.

మా జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు 2021 నవంబర్ 19న ఎలా పోయిందో అందరూ టీవీలో చూశారు. పైన పింఛా నుంచి, చెయ్యేరు నుంచి వచ్చిన వరద స్పిల్‌వే మోయగలిగినదానికి మించిపోయింది. గేట్లున్న కాంక్రీటు భాగం అలాగే నిలబడి ఉంది, పక్కన మట్టి కట్ట కొట్టుకుపోయింది. అది ప్రభుత్వానిది, చాలా పెద్దది, మీ చెరువుతో పోల్చడానికి లేదు. కానీ మట్టి అన్నిచోట్లా మట్టే.

నీటిలెక్క

సార్ ముందే చెప్పేశారు. హవాయిలో కలోకో కట్టది ఇదే కథ. ప్రైవేటు కట్ట, వారాల తరబడి వాన, 2006 మార్చి 14న తెగి 7 మంది పోయారు. అలుగుని పూడ్చేశారన్నదే యజమాని మీద వచ్చిన ప్రధాన ఆరోపణ. కేసు ఏళ్ల తరబడి నడిచి 2014లో ఆయనకి 7 నెలల జైలు శిక్ష పడింది. మీ బోర్డు ప్రెసిడెంటుకి ఈ ముక్క చదివి వినిపించండి.

ఇక లెక్క. 20 ఎకరాల చెరువు, పైపు మట్టం నుంచి అలుగు మట్టం దాకా 2 అడుగులు. అంటే వరద పట్టడానికి ఉన్న చోటు 40 ఎకరా-అడుగులు. పరీవాహకం 640 ఎకరాలు. మామూలు వాన పడి ముప్పావు అంగుళం నీరు పారిందనుకోండి, అది సరిగ్గా 40 ఎకరా-అడుగులు. మొత్తం చెరువులో ఆగి, పైపు గుండా మెల్లగా పోతుంది. కింది వాళ్లకి వాగు పొంగినట్టే తెలీదు. మీ పక్కింటాయన చూసి మాట్లాడుతున్నది ఈ వానల్నే, అబద్ధం కాదు.

ఇప్పుడు పెద్ద వాన. 6 అంగుళాల నీరు పారితే 320 ఎకరా-అడుగులు. మీ దగ్గరున్న చోటు అందులో ఎనిమిదో వంతు. మొదటి గంటలోనే నిండిపోతుంది, మిగతాదంతా వచ్చింది వచ్చినట్టు అలుగు మీదుగా పోవాల్సిందే. అప్పటికి చెరువులో ముందునుంచీ ఉన్న నీళ్లు ఎంత? మట్టం దగ్గర లోతు 20 అడుగులు అనుకుంటే రమారమి 160 ఎకరా-అడుగులు, దాదాపు 20 కోట్ల లీటర్లు. అలుగు సరిపోక కట్ట తెగిందా, వాన వరద మీద ఈ 20 కోట్ల లీటర్లు అదనంగా కింద పడతాయి. కట్ట లేకపోతే ఆ టౌన్‌హోమ్స్‌కి వచ్చేది వరద ఒక్కటే.

కాబట్టి కౌంటీ దగ్గరికి "వరద నియంత్రణ" అని వెళ్తే వాళ్ల ఇంజనీరు ఈ లెక్కే వేసి చూపిస్తాడు.

డల్లాస్_బాబాయ్

మరి ప్రభుత్వమే వరద కోసం కట్టిన చిన్న మట్టి కట్టలు వేలల్లో ఉన్నాయిగా? ఓక్లహామాలో రోడ్డు పక్కన ఎక్కడ చూసినా అవే. అవీ ప్రైవేటు భూముల్లోనే ఉంటాయి.

నీటిలెక్క

మంచి పాయింటు బాబాయ్. అవి వ్యవసాయ శాఖ వాటర్‌షెడ్ డ్యాములు. మొదటిది 1948లో ఓక్లహామాలోనే, క్లౌడ్ క్రీక్ మీద. ఇప్పుడు దేశమంతా కలిపి 11 వేలకు పైనే ఉన్నాయి. భూమి రైతుదే అయినా నిర్వహణ నేల, నీటి సంరక్షణ చూసే స్థానిక కన్జర్వేషన్ డిస్ట్రిక్ట్‌ది. ఈసారి డ్రైవ్ చేసేటప్పుడు ఆగి చూడండి: ఎత్తైన కట్ట, అడుగున కాసిని నీళ్లు, మధ్యలో నిలువు కాంక్రీటు టవర్, చుట్టూ బోలెడంత ఖాళీ పచ్చిక. చూడ్డానికి ఏమీ బాగుండవు. ఆ ఖాళీయే వాటి ఉద్యోగం. అక్కడ ఎవరూ లేక్‌వ్యూ ఇళ్లు అమ్మరు.

వాటికీ తిప్పలున్నాయి. చాలావాటిని 50 ఏళ్ల ఆయుష్షు అనుకుని కట్టారు, అది అయిపోయింది. కొన్నిట్లో పూడిక పేరుకుంది. పొలాల కోసం కట్టిన వాటి కిందికి ఊళ్లొచ్చేశాయి. అట్లాంటా పక్కన గ్విన్నెట్ కౌంటీ తన పరిధిలోవి చాలా వరకు కేంద్రం సాయంతో బాగుచేయించుకుంది. లేక్‌వ్యూ గారూ, మీ కట్ట ఆ జాబితాలోది కాదని మాత్రం ఒకసారి రూఢి చేసుకోండి. ఒకవేళ అందులోదే అయితే మీ అదృష్టం పండినట్టే. 1960ల నాటి ఫారం చెరువు అంటున్నారు కాబట్టి ఆశ పెట్టుకోవద్దు.

పన్ను_పీడితుడు

అంటే రైతు చెరువుకైతే కేంద్రం డబ్బు, నా చెరువుకైతే నా డబ్బు. బాగుంది. రేపు ఓట్లకి వచ్చినప్పుడు అడుగుతా ఈ

మోడరేటర్

పార్టీల చర్చ వేరే థ్రెడ్‌లో. పై పోస్టులో సగం తీసేశాను.

పాలమూరు_మట్టి

నీటిలెక్క గారూ, ఖాళీ సంగతి అర్థమైంది. మా ఊళ్లో నీరటి ఉండేటోడు. వానాకాలం రాత్రిళ్లు కట్ట మీదనే పడుకునేటోడు, బుంగ పడ్డదా, ఎలుక బొరియలున్నయా, తూము దగ్గర నీళ్లు కారుతున్నయా అని చూసేటోడు. ఊరోళ్లు గింజలిచ్చేది. ఇక్కడ ఆ పని ఎవరు చేస్తరు? హెచ్‌ఓఏ బోర్డంటే వారాంతంలో జూమ్ మీటింగ్ పెట్టే సాఫ్ట్‌వేరోళ్లు గదా.

రిటైర్డ్_ఈఈ

సరిగ్గా అడిగారు. నిన్న సాయంత్రం అబ్బాయి కారులో తీసుకెళ్తే లేక్‌వ్యూ బాబు కట్ట చూసొచ్చాను. (ఆయనే రమ్మన్నారు, కాఫీ బాగుంది.) నేను ఇక్కడి లైసెన్సు ఉన్న ఇంజనీరుని కాదు, చూసింది చెబుతాను.

దిగువ వాలు మీద పైన్ చెట్లు మొలిచి నడుం లావు అయ్యాయి. చెట్లుంటే కట్ట గట్టిపడుతుందని అక్కడ ఒకావిడ వాదించింది. గడ్డి వేరు మట్టిని పట్టుకుంటుంది, చెట్టు వేరు అలా కాదు. చెట్టు చచ్చాక ఆ వేరు కుళ్లి కట్టలో గొట్టంలాంటి దారి మిగులుతుంది. గాలివానకి చెట్టు వేళ్లతో సహా పడిపోతే కట్టలో సగం గొయ్యి. అలాగని రేపే అన్నీ కొట్టించి వేళ్లు పెకలించొద్దు, నిండు చెరువు ఉండగా అది ఇంకా ప్రమాదం. ఇంజనీరు చెప్పిన వరసలో చేయాలి.

కట్ట అడుగున కుడివైపు నేల చిత్తడిగా ఉంది, అక్కడ తుంగ పెరిగింది. నీరు తేటగా, సన్నగా వస్తోంది. మట్టి కట్ట అన్నాక కొంచెం ఊట ఉంటుంది, తేటగా ఉన్నంత వరకు గమనిస్తూ ఉండొచ్చు. ఊట ధార పెరిగినా, నీరు మట్టిరంగుకి తిరిగినా కట్ట లోపలి మట్టి బయటికొస్తోందని అర్థం. ఆ పూట ఎవరినీ అడగక్కర్లేదు, ముందు కింది ఇళ్లవాళ్లని లేపాలి. పక్కనే ఒక బకెట్ పెట్టి, నిండటానికి ఎంతసేపు పడుతుందో వారానికోసారి రాసుకోమన్నాను. తారీఖు, చెరువు మట్టం, వాన పడిందో లేదో కూడా.

అసలు భయం పైపు. ముడతల ఇనుప పైపు, కట్టతో పాటే వేసింది. బయటికి కనిపించే కొసలో అడుగు తుప్పు పట్టి చిల్లులు పడింది. లోపలెలా ఉందో దేవుడికే తెలియాలి. కెమెరా పంపించి చూడాలి.

నీటిలెక్క

సార్ పైపు దగ్గర ఆగారంటే అందులోనే ఉంది సంగతి. ఆ రేకు పైపులకి నేలనీ నీటినీ బట్టి పాతికేళ్ల నుంచి 50 ఏళ్లు. మీది ఆ గడువు దాటేసింది. చిల్లు పడితే నీళ్లు బయటికి కారి పైపు చుట్టూ మట్టిని కోస్తాయి, లేదా మట్టే పైపులోకి జారి కొట్టుకుపోతుంది. ఒక రోజు కట్ట మీద చిన్న గుంత కనిపిస్తుంది. లాన్‌లో గొయ్యి అనుకుని ఎవరో మట్టి పోసి పూడుస్తారు.

కొలరాడోలో లాన్ లేక్ కట్ట రైతులు 1903లో కట్టుకున్నది, 26 అడుగుల ఎత్తు. తూము పైపుకి, గేటుకి మధ్య అతుకులో సీసం పాడై నీళ్లు కారి, 1982 జూలై 15న వాన లేని పొద్దున తెగింది. ముగ్గురు పోయారు. చిన్న కట్టే కదా, వానాకాలం కాదు కదా అనేవాళ్లకి నేను దాన్నే చెబుతుంటాను.

పాలసీ_అక్క | ఆస్టిన్, టెక్సాస్

ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మామూలు హోమ్ పాలసీ వరద నష్టం ఇవ్వదు, పై కట్ట తెగి వచ్చిన నీళ్లు కూడా వరద కిందికే వస్తాయి. కింద ఉన్నవాళ్లు ఫెమా జోన్‌లో లేకపోయినా ఫెడరల్ ఫ్లడ్ పాలసీ కొనుక్కోవచ్చు, చాలాసార్లు మరీ భారం కాదు. ఇంటికి 2 లక్షల 50 వేల డాలర్ల వరకు, సామాన్లకి లక్ష వరకు. కొన్నాక మామూలుగా 30 రోజులకి గానీ అమల్లోకి రాదు, కాబట్టి తుఫాను పేరు టీవీలో విన్నాక ఫోన్ చేయకండి.

పై చెరువువాళ్లు హెచ్‌ఓఏ లయబిలిటీ పాలసీ చదవండి. కట్ట తెగడం వల్ల వచ్చే క్లెయిముల్ని మినహాయించే పాలసీలు నేను చూశాను. అలా ఉంటే 11 వేలు మీకు చిన్న సంఖ్యలా కనిపిస్తుంది.

దిగువ_వీధి

మాకు ఆ పాలసీ లేదు. అంతకంటే ఏం చెప్పను.

మా పై చెరువు సంఘం తర్వాత ఏం చేసిందో చెబుతాను, లేక్‌వ్యూ గారికి పనికొస్తుంది. ఏళ్ల తరబడి చెరువు అడుగు ఎండి గడ్డి మొలిచి ఉంది. కొందరు కట్టుకుందాం అన్నారు, కొందరు మా వల్ల కాదన్నారు. ముందు బాగుచేసుకుంటే అయ్యే ఖర్చు కంటే కొత్త కట్టకి ఎక్కువైంది, ఈలోపు చెరువు లేని లేక్‌ఫ్రంట్ ఇళ్ల ధరలు పడిపోయాయి. నాకు సంతోషమేం లేదు, వాళ్లలో మా పిల్లల స్నేహితుల ఇళ్లూ ఉన్నాయి.

నీటిలెక్క

మిషిగన్‌లో ఈడెన్‌విల్ డ్యామ్ కూడా అంతే. పెద్దదే కానీ ప్రైవేటుది. స్పిల్‌వే చాలదని ఏళ్ల తరబడి చెప్పీ చెప్పీ 2018లో కేంద్రం కరెంటు లైసెన్సు రద్దు చేసింది. 2020 మే 19న తెగింది. కిందున్న శాన్‌ఫర్డ్ కట్ట కూడా పోయింది. సుమారు 10 వేల మందిని ముందే ఖాళీ చేయించారు కాబట్టి ఒక్క ప్రాణం పోలేదు. విశేషమేమంటే నీళ్లు ఇంకా కట్ట పైకి ఎక్కకముందే వదులు ఇసుక ఉన్న చోట వాలు ఒక్కసారిగా జారిపోయింది. చూస్తుండగా వీడియోలో దొరికింది. ఇప్పుడు ఆ చెరువుల పునరుద్ధరణ ఖర్చులో పెద్ద వాటా చుట్టూ ఇళ్లున్నవాళ్ల మీదే అసెస్‌మెంట్‌గా పడింది.

లేక్‌వ్యూ గారి చివరి ప్రశ్న: తీసేయడం. చాలాసార్లు చవకే, కానీ గొడ్డలితో గండి కొట్టడం కాదు. రాష్ట్రం అనుమతి కావాలి, వాగులో పని కాబట్టి ఆర్మీ కోర్ (కేంద్రం ఇంజనీరింగ్ విభాగం) పర్మిట్ కావాలి. అరవై ఏళ్ల పూడిక కిందికి కొట్టుకుపోకుండా చూడాలి. ఇందాక చెప్పిన చిన్న వానల ఉపశమనం కింది వాళ్లకి పోతుంది, దాన్నీ లెక్క కట్టి చూపించాలి. మధ్యేమార్గం ఒకటుంది. మట్టం శాశ్వతంగా 4 అడుగులు తగ్గించి, పైపు మార్చి, అలుగు వెడల్పు చేయడం. చెరువు చిన్నదవుతుంది కానీ వరదకి ఇంకో 70 ఎకరా-అడుగుల చోటొస్తుంది. జార్జియా నియమం ప్రకారం మీ సైజు కేటగిరీ 1 కట్ట గరిష్ఠ సంభావ్య వర్షంలో (ఆ చోట పడటానికి వీలున్న అతి పెద్ద వానలో) పావు వంతుని తట్టుకోవాలి. మట్టం తగ్గిస్తే ఆ పరీక్ష తేలికవుతుంది. అప్పుడు మీ పక్కింటాయన మాట కూడా కొంచెం నిజమవుతుంది, కౌంటీ వాళ్లతో మాట్లాడటానికి మొహం ఉంటుంది.

డల్లాస్_బాబాయ్

నా లాయర్ సలహా వెనక్కి తీసుకోను గానీ, ముందు కెమెరా పంపించండి.

లేక్‌వ్యూ_లాట్

అప్‌డేట్. కెమెరా పంపించాం. పైపు మధ్యలో రెండుచోట్ల అడుగు పూర్తిగా తినేసింది, ఒకచోట మట్టి లోపలికి రాలి కుప్పగా ఉంది. వీడియో మీటింగ్‌లో వేశాక అరుపులు ఆగిపోయాయి. పక్కింటాయన కూడా చేయెత్తాడు. ఊయలలు, ఫెన్సింగ్ శనివారం తీసేశాం. కింది టౌన్‌హోమ్స్ హెచ్‌ఓఏకి ఉత్తరం రాశాం, వాళ్ల ఫోన్ నంబర్లు తీసుకున్నాం. వాళ్ల బోర్డులో ఒకాయన అసలు పైన చెరువు ఉందా అని అడిగాడు.

ఇంజనీరు వెంటనే 5 అడుగులు మట్టం తగ్గించమన్నాడు. శాశ్వతంగా చిన్న చెరువు చేయాలా, పాత మట్టానికే కట్టాలా అన్నది వచ్చే నెల ఓటింగ్. లేక్‌ఫ్రంట్ వాళ్లు ఒకవైపు, మిగతావాళ్లు ఒకవైపు. నేను లేక్‌ఫ్రంట్ అయినా చిన్న చెరువుకే వేస్తాను, మా ఆవిడ ఇంకా ఏం చెప్పలేదు.

పైపుని నమ్మలేం కాబట్టి సైఫన్ పెట్టి నీళ్లు తోడుతున్నారు. వారాంతానికల్లా 5 అడుగులూ దింపేయమని బోర్డులో ఒకరు తొందరపెడుతున్నారు. ఫర్వాలేదా?

రిటైర్డ్_ఈఈ

వద్దు. రోజుకి అడుగు కంటే ఎక్కువ దింపొద్దు, ఇంకా తక్కువైతే మంచిది. లోపలి వాలు నీళ్లు పీల్చుకుని బరువుగా ఉంది. ఎదురు నీటి ఒత్తిడి ఒక్కసారి తీసేస్తే ఆ వాలు చెరువులోకి జారుతుంది. తేదీ మీ ఇంజనీరుని నిర్ణయించమనండి, బోర్డుని కాదు. సైఫన్ నీళ్లు పడే చోట రాళ్లు పరిచారా? లేకపోతే కట్ట అడుగే కోసుకుపోతుంది. రేపు సాయంత్రం ఖాళీగా ఉంటే వస్తాను, అబ్బాయికి చెప్పి పెట్టండి.